పసిపిల్లల పాటల పంతులమ్మ

మొన్న పండగకి మా ఆడపడుచు వచ్చింది. వంటింట్లో పీట వేసుకుని కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ, "వదినా, నువ్వేదో బడికి పోతున్నవంట గదా! ఏం చెప్తున్నవు?" అని అడిగింది.

"చిన్నపిల్లలకి పాటలు చెప్తున్నా" అన్నాను.

"గంతేనా! లెక్కలో, ఇంగ్లీషో అనుకున్న. పాటలు చెప్పనీకి గూడ జీతమిస్తరా?" అని నవ్వేసింది.

నాకు కోపం రాలేదు. ఎందుకంటే నాలుగేళ్ళ కిందట నేనూ అలా అనుకున్నదాన్నే. మూడేళ్ళ పిల్లల ముందు నాలుగు పాటలు పాడటానికి పెద్ద విద్య ఏం కావాలి, అమ్మలంతా చేసేదే కదా అనుకున్నాను. ఆ పనిలో దిగాక తెలిసింది, పదో తరగతి పిల్లలకి పాఠం చెప్పడం ఒక ఎత్తు, మూడేళ్ళ పిల్లకి ఒక పాట వచ్చేలా చేయడం ఇంకో ఎత్తు అని. ఈ పనికే జీవితం అంతా పెట్టినవాళ్ళు మన తెలుగువాళ్ళలోనే ఉన్నారని కూడా అప్పుడే తెలుసుకున్నాను. ఆ సంగతులన్నీ మీతో చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలు.

మొదటి మూడు రోజులు

మాది జడ్చర్ల. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే పెద్ద రోడ్డు మీద బస్సులాగే ఊరని చాలామందికి తెలిసే ఉంటుంది. మేముండేది బాదేపల్లి వైపు. ఇంటర్ కాగానే పెళ్ళయింది. పెళ్ళికి ముందు మా పుట్టింటి పక్కవీధిలో ఒక టీచరమ్మ దగ్గర గీతాలు, రెండు వర్ణాల దాకా నేర్చుకున్నాను. ఆ తర్వాత నా సంగీతమంతా శనివారం భజనల్లోనూ, బతుకమ్మ రోజుల్లో పాట ఎత్తుకోవడంలోనూ గడిచిపోయింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. మధ్యాహ్నం పూట ఇల్లు బోసిగా ఉండేది.

అలాంటప్పుడు మా వీధి చివర చిన్నపిల్లల బడి పెట్టినావిడ వచ్చి, "అక్కా, రోజూ ఒక గంట వచ్చి మా పిల్లలతో పాటలు పాడించు" అని అడిగింది. మావారు "నీ ఇష్టం" అన్నారు. అత్తమ్మ మాత్రం "ఇంట్ల పాడుతున్నవు, గుళ్ళె పాడుతున్నవు, ఇంక బడి గూడనా!" అంది. అన్నా సరే, వెళ్ళాను.

మొదటి రోజు మంచి చీర కట్టుకుని, శ్రుతిపెట్టె పట్టుకుని వెళ్ళాను. ముప్ఫైమంది పిల్లలు. నాకు నేర్పినట్టే మాయామాళవగౌళలో సరళీ స్వరాలు మొదలుపెట్టాను. ఇద్దరు ఏడుపందుకున్నారు. ఒకడు నిద్రపోయాడు. ఒకమ్మాయి నా కొంగు పట్టుకుని వదలలేదు. పాడినవాళ్ళేమో పాడలేదు, గొంతులో గుర్రుగుర్రుమన్నారు. గంటసేపు చెమటలు కక్కాను. రెండోరోజూ అంతే. మూడోరోజు ఇంటికొచ్చి "నాతో కాదు" అని చెప్పేశాను.

రాత్రి ఫోనులో మా అమ్మతో ఈ మాట అంటే ఆవిడ ఒకటే నవ్వు. "నిన్ను కూసోబెట్టి పాట చెప్పిన్నా నేను? బొడ్డెమ్మ కాడ సంకలేసుకొని తిరిగిన. నువ్వే ఏందో ఒకటి కూసినవు. మూడేండ్లకు చప్పట్లు కొట్టినవు, నాలుగేండ్లకు మాటలు కలిపినవు, అయిదేండ్లకు పాట ఎత్తుకున్నవు. గంతే" అంది.

ఫోను పెట్టేశాక చాలాసేపు అదే ఆలోచించాను. మన తెలంగాణలో బతుకమ్మకి ముందు ఆడపిల్లలు తొమ్మిదిరోజులు బొడ్డెమ్మ ఆడతారు కదా. ఆ ఆటలో ఎవరూ ఎవరికీ పాఠం చెప్పరు. పెద్దపిల్లలు గుండ్రంగా తిరుగుతూ వంగి చప్పట్లు కొడుతుంటే, చిన్నపిల్లలు వెనకాల పడుతూ లేస్తూ తిరుగుతారు. ముందు కాళ్ళకి లయ వస్తుంది, తర్వాత చేతులకి, ఆ తర్వాత "ఉయ్యాలో" అనే పల్లవి నోటికి, అన్నిటికన్నా చివర మాటలు. మగపిల్లలకి హోలీ ముందు జాజిరి కోలలు కూడా అలాగే. నేను చేసిన తప్పేమిటంటే, చివర రావలసిన దాన్ని ముందు పెట్టాను.

రేడియో అక్కయ్యలు

మా అమ్మ ఇంకో మాట కూడా అంది: "రేడియోల అక్కయ్య ఎట్ల పాడించేది, గట్ల పాడించు" అని. అమ్మ చెప్పిన అక్కయ్య న్యాయపతి కామేశ్వరిగారు. నాకు తెలిసిన రేడియో అక్కయ్య తురగా జానకీరాణిగారు. నా చిన్నతనంలో హైదరాబాదు ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమాలు ఆవిడే చూసేవారు. 1936లో పుట్టి 2014లో పోయారు. ఆవిడ గొంతు వినబడితే చాలు, చేతిలో అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయేది మాకు. ఆవిడకి ముందు ఆ పీట మీద కూర్చున్నవారే కామేశ్వరిగారు.

ఈ దంపతుల కథ మన పిల్లలకి తెలియదు, మనలో కూడా చాలామంది మరిచిపోయాం. న్యాయపతి రాఘవరావుగారు 1905లో బరంపురంలో పుట్టారు. కామేశ్వరిగారు ఆయనకన్నా మూడేళ్ళు చిన్న. మద్రాసులో రేడియో కేంద్రం 1938లో మొదలైంది. ఆ తొలి సంవత్సరాల్లోనే వీరిద్దరూ తెలుగు పిల్లల కార్యక్రమాన్ని తలకెత్తుకున్నారు. ఆయన రేడియో అన్నయ్య, ఆవిడ రేడియో అక్కయ్య. 1940లో బాలానంద సంఘం పెట్టారు. 1945లో పిల్లల కోసం 'బాల' పత్రిక మొదలుపెట్టారు. ముళ్ళపూడి వెంకటరమణ రాతలూ, బాపు బొమ్మలూ మొదట వెలుగు చూసింది ఆ పత్రికలోనే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదు వచ్చి, ఇక్కడా అదే పని. నారాయణగూడలో బాలానంద సంఘం అంటే ఆ రోజుల్లో తెలియనివాళ్ళు లేరు. కామేశ్వరిగారు 1980లో, రాఘవరావుగారు 1984లో కన్నుమూశారు. అంటే దాదాపు నలభయ్యేళ్ళు ఇదే పని! వారికి సొంత పిల్లలు లేరు. ఊరి పిల్లలందరికీ అక్కయ్య, అన్నయ్య అయ్యారు.

నాకు వారి పేర్లలోనే పెద్ద పాఠం కనిపించింది. టీచరమ్మ అనిపించుకోలేదు, మేడమ్ అనిపించుకోలేదు, అక్కయ్య అనిపించుకున్నారు. టీచర్ ముందు పిల్ల తప్పు పాడతానేమోనని భయపడుతుంది. అక్క దగ్గర తప్పు పాడితే ఏమవుతుంది? ఇద్దరూ నవ్వుకుంటారు, మళ్ళీ పాడుకుంటారు. రేడియోలో పెద్దవాళ్ళు పిల్లల గురించి మాట్లాడటం కాదు, పిల్లలే పాడాలి, పిల్లలే ఆడాలి. అక్కయ్య పని వాళ్ళ భయం పోగొట్టడం.

నాలుగోరోజు నేను శ్రుతిపెట్టె ఇంట్లోనే పెట్టి వెళ్ళాను. పాత నూలుచీర కట్టుకుని నేల మీద కూర్చున్నాను. "నన్ను పెద్దమ్మా అని పిలవండి" అన్నాను. కొంగు పట్టుకున్న పిల్లని ఒళ్ళో పెట్టుకుని, ఎవరినీ పాడమని అడగకుండా నేనే పాడుకున్నాను. పది నిమిషాలకి ఏడుపులు ఆగాయి.

పైదేశాల్లో ఏమంటున్నారు?

ఆ తర్వాత నాకు ఈ విషయం మీద పిచ్చి పట్టుకుంది. మా అమ్మాయి హైదరాబాదులో డిగ్రీ చదువుతోంది. తనచేత పుస్తకాలు తెప్పించుకుని, ఇంగ్లీషు అర్థం కానిచోట తననే అడిగి చదివాను. చదువుతుంటే మా అమ్మ చెప్పిన మాటలే మళ్ళీ ఎదురయ్యాయి.

హంగేరీ దేశంలో కొడాయ్ అని గొప్ప సంగీతకారుడు ఉండేవాడు (1882-1967). 1905 నుంచి పల్లెపల్లెకీ తిరిగి జానపదుల పాటలు సేకరించాడు. పిల్లలకి మాటలెలా తల్లిభాషలో వస్తాయో, పాట కూడా అలాగే తమ ఊరి పాటలతో రావాలన్నాడు. సంగీతం ఎప్పుడు మొదలుపెట్టాలి అని అడిగితే, బిడ్డ పుట్టడానికి తొమ్మిది నెలల ముందు అన్నాడు. తర్వాత ఆ మాట కూడా దిద్దుకుని, తల్లి పుట్టడానికి తొమ్మిది నెలల ముందు అన్నాడు. అంటే అమ్మమ్మ పాడితే అమ్మకి వస్తుంది, అమ్మ పాడితే బిడ్డకి వస్తుంది అనే కదా!

జపానులో సుజుకి అనే ఆయన (1898-1998) మూడు నాలుగేళ్ళ పిల్లలకి వయొలిన్ నేర్పాడు. ఆయన పద్ధతి నాకు భలే నచ్చింది. పిల్ల చేతికి వయొలిన్ ఇవ్వడానికి ముందు తల్లికి కొద్దిగా నేర్పుతారు. తల్లి వాయిస్తుంటే చూసి పిల్లే "నాకూ కావాలి" అని అడగాలి. మనం చపాతీ చేస్తుంటే చిన్నది పిండి ముద్ద అడగడంలా అన్నమాట.

మాంటిస్సోరి పేరు మనకి బళ్ళ బోర్డుల మీద తెలుసు. ఆవిడ 1939లో మన మద్రాసుకే వచ్చారు. అడయారులో ఎందరో టీచర్లకి శిక్షణ ఇచ్చారు. ఆవిడ సామగ్రిలో చిన్న గంటలుంటాయి. చూడటానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి, మోత మాత్రం వేరు. కళ్ళతో పోల్చడానికి వీల్లేదు. చెవితోనే ఏ గంటకి ఏది జోడో పిల్ల వెతుక్కోవాలి.

కడుపులో ఆరునెలలు దాటేసరికే బిడ్డకి చప్పుళ్ళు వినిపిస్తాయని, పుట్టిన కొద్దిరోజులకే తల్లి గొంతు గుర్తుపడుతుందని డాక్టర్లు పరీక్షలు చేసి మరీ చెప్పారు. అంటే మూడేళ్ళకి బడికి వచ్చిన పిల్ల అప్పటికే మూడేళ్ళుగా వింటున్న మనిషి. ఖాళీ పలక కాదు.

నేను దిద్దుకున్న తప్పులు

మొదటిది శ్రుతి. నేను పాడేది ఐదు శ్రుతి. ఆడవాళ్ళం చాలామందిమి ఆ దగ్గరలోనే పాడతాం. కానీ పసిపిల్లల గొంతు అంత కిందికి దిగదు. అందుకే మొదటి రోజు గుర్రుగుర్రుమన్నారు! ఇప్పుడు రెండు శ్రుతిలో పాడుతున్నాను. నా పంచమం వాళ్ళకి షడ్జమం అయింది. అక్కడినుంచి పైన పంచమం దాకా అయిదు స్వరాల లోపలే వాళ్ళ పాటలన్నీ. నాకు కొంచెం పైగొంతే, అయినా ఇరవై నిమిషాలే కదా.

రెండోది రాగం. మాయామాళవగౌళ మన సంగీతానికి మంచి పునాది. పురందరదాసుగారు పెట్టిన బాట అని పెద్దలంటారు. కానీ అందులో స్వరాలు కొన్ని ఒకదానికొకటి మరీ దగ్గర. ఆరేడేళ్ళు వచ్చి, కుదురుగా కూర్చునే పిల్లలకి అది సరే. మూడేళ్ళవాళ్ళకి మోహన తేలిక. స రి గ ప ద, అయిదే స్వరాలు, దూరం దూరంగా ఉంటాయి. ఎటు తిప్పినా వినసొంపుగానే ఉంటుంది, తప్పు వినబడదు. కొడాయ్ పద్ధతిలో పిల్లలకి మొదలుపెట్టే అయిదు స్వరాలు కూడా ఇవేనని చదివి ఆశ్చర్యపోయాను.

మూడోది లయ. పసిపిల్లలు వాళ్ళంతట వాళ్ళు కొట్టే చప్పట్లు మన చప్పట్లకన్నా జోరుగా ఉంటాయి. "నాతో కలిపి కొట్టండి" అంటే కలవదు. ముందు వాళ్ళ జోరులో నేను కలుస్తాను. కాసేపటికి మెల్లమెల్లగా నెమ్మదిస్తే వాళ్ళూ నా వెంట వస్తారు. పరుగెత్తే దూడని ఆపాలంటే ముందు దాని పక్కన మనమూ పరుగెత్తాలి కదా.

నాలుగోది పట్టు. వారానికో కొత్త పాట నేర్పాలని మొదట్లో ఆరాటపడేదాన్ని. పెద్దవాళ్ళకి విసుగొచ్చే పాటే పిల్లలకి ఇష్టం. ఒకే పాట నెలరోజులు పాడాం. ఒకరోజు మెల్లగా, ఒకరోజు గుసగుసగా, ఒకరోజు ఏనుగులా నడుస్తూ. నెల చివర్లో పల్లవిలో ఒక మాట దగ్గర ఆగాను. ముప్ఫై గొంతులు ఆ మాటని అందుకున్నాయి. ఆ రోజు ఇంటికి వస్తూ దారి పొడుగునా నాలో నేనే నవ్వుకున్నాను.

ఐదోది కేకలు. "గట్టిగా పాడండి, వినపడటం లేదు" అనడం మానేశాను. అరిచి పాడితే లేత గొంతులు బొంగురు పోతాయి. మెల్లగా పాడితే పక్కవాడి గొంతు కూడా వినబడుతుంది.

చేతులు చూసి చప్పట్లు కొట్టిన పిల్లవాడు

మా బడిలో మూడున్నరేళ్ళ పిల్లవాడు ఒకడుండేవాడు. చప్పట్లలో అందరికన్నా ముందు. కానీ పాట మాత్రం నోరు తెరిచి పాడేవాడు కాదు. మాట కూడా ముద్దగా వచ్చేది. "మొండివాడు, పిలిస్తే పలకడు" అని ఇంట్లోవాళ్ళు అనేవారు.

ఒకరోజు దొంగగంట ఆట ఆడించాను. పిల్లలు నాకు వీపు పెట్టి కూర్చుంటారు. నేను ఏదో ఒక మూల గంట మోగిస్తాను. మోత ఎటునుంచి వస్తే అటు చెయ్యి చూపించాలి. అందరూ తిరిగారు, వాడొక్కడూ తిరగలేదు. పక్కపిల్ల చెయ్యి చూసి, అప్పుడు తనూ చూపించాడు. నా గుండెల్లో రాయి పడింది. వారంరోజులు కుడిపక్క, ఎడమపక్క, దగ్గర, దూరం అన్ని విధాలా చూశాను. వాడు విని చప్పట్లు కొట్టడం లేదు. నా చేతులు చూసి కొడుతున్నాడు!

వాళ్ళమ్మతో ఏకాంతంగా చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది. నాయనమ్మ మాత్రం ఊరుకోలేదు. "పాటలు చెప్పనీకి వచ్చినవా, మా పిలగానికి వంకలు పెట్టనీకి వచ్చినవా?" అంది. మర్నాటినుంచి పిల్లవాడు బడికి రాలేదు. ఒక వారం నాకు అన్నం సయించలేదు. నేనేం డాక్టరునా? నాకెందుకు వచ్చిన గొడవ? అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఎనిమిదోరోజు వాళ్ళమ్మ వచ్చింది. పాలమూరు తీసుకుపోయి చెవి, ముక్కు, గొంతు డాక్టరుకి చూపించిందట. మాటిమాటికీ జలుబు చేసి, కర్ణభేరి వెనకాల నీరు నిలిచిందన్నారట. పసిపిల్లల్లో ఇది మామూలుగా వచ్చేదే, చాలామందికి దానంతటదే తగ్గుతుంది, కాని కనిపెట్టి చూడకపోతే మాట వెనకబడుతుంది అని చెప్పారట. కొన్ని నెలలు తిప్పారు. వాడి అదృష్టం, ఆపరేషన్ దాకా పోకుండానే నయమైంది. ఇప్పుడు ఒకటో తరగతిలో ఉన్నాడు. రోడ్డు మీద కనబడితే సైకిలు ఆపి మరీ "పెద్దమ్మా" అని కేకేస్తాడు. వెనకనుంచి నేను పిలిచినా తిరిగి చూస్తాడు.

ఇది నా గొప్ప చెప్పుకోవడానికి రాయలేదు. ఇంట్లో నాలుగు గొంతుల సందడిలో పిల్లకి వినికిడి తగ్గిన సంగతి తెలియకపోవచ్చు. పాటలు చెప్పే మనిషికి తెలియాలి. ఈ పనిలో చెవిని గమనించడం సగం పని.

రిజిస్టరులో నా పేరు

రెండో ఏడు చివర్లో ఒకరోజు జీతాల రిజిస్టరులో సంతకం పెడుతూ చూసుకున్నాను. టీచర్ల పేర్లు పైన ఉన్నాయి. నా పేరు అడుగున, 'ఆయాలు' అన్న గీత కింద ఉంది.

ఆయాని తక్కువగా చూసేదాన్ని కాను. పిల్లల ముక్కు తుడిచి, తడిసిన నిక్కరు మార్చి, కొసరి కొసరి తినిపించే ఆ తల్లి లేకపోతే ఏ బడీ ఒక్కపూట నడవదు. ఆవిడ పనికి ఆ పేరుంది. నా పనికి దాని పేరు దానికి ఉండాలి కదా అని నా బాధ.

బడి నడిపే ఆవిడ చెడ్డమనిషి కాదు. అడిగితే నొచ్చుకుంది. "లెక్క కోసం రాసినం అక్కా. టీచరంటే సర్టిఫికెట్ చూపియ్యాలె గదా. తల్లిదండ్రులు గూడ అడుగుతరు" అంది. అందులోనూ న్యాయం ఉంది. మొండిగా వాదించలేదు. రెండు మాటలు మాత్రం అడిగాను. ఒకటి, ముప్ఫైమందిని ఒక్కసారి కాదు, పదిమంది చొప్పున మూడు జట్లు చేయాలి, ఒక్కో జట్టుకి ఇరవై నిమిషాలు. రెండు, నేను సర్టిఫికెట్ తెచ్చుకుంటాను, అప్పుడు పైన రాయాలి. మొదటిది వెంటనే ఒప్పుకుంది. రెండోదానికి నవ్వి, పెన్సిల్ తీసుకుని నా పేరు పక్కన 'పాటల టీచర్' అని రాసింది. "సర్టిఫికెట్ తెచ్చినంక పెన్నుతో దిద్దుత" అంది.

ఇప్పుడు వారానికి రెండుసార్లు పాలమూరు పోయి, ఒక గురువుగారి దగ్గర వదిలేసిన వర్ణాలు మళ్ళీ పట్టుకున్నాను. నా పక్కన కూర్చునేది పదకొండేళ్ళ పిల్ల. తాళం తప్పితే తనే నన్ను గిల్లుతుంది!

ఈ పనిలోకి రావాలనుకునేవాళ్ళకి

మన ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్ళు, ఆపైన డిప్లొమా రెండేళ్ళు. హైదరాబాదు రాంకోఠిలోని త్యాగరాజ సంగీత నృత్య కళాశాల చాలామందికి తెలిసిందే. కానీ సంగీతం ఒక్కటే చాలదు, పసిపిల్లల సంగతి కూడా తెలియాలి. ఇంటర్ చదివినవాళ్ళకి ప్రీస్కూల్ టీచరు డిప్లొమా ఉంది. దానికి డీసెట్ పరీక్ష రాయాలి. రెండూ ఉన్నవాళ్ళకి ఆ విలువే వేరు.

పనికి చోటు లేకపోలేదు. 1975 అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడీ పథకంలో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి ఆటపాటలతో చదువు ఒక భాగం. 2020లో వచ్చిన జాతీయ విద్యావిధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే మెట్టుగా చూసి, ఆటల ద్వారానే నేర్పాలంది. బళ్ళు కాకపోయినా, ఇంటి వసారాలో ఆరేడుగురు పిల్లల్ని, వాళ్ళ అమ్మలతో సహా, వారానికి రెండురోజులు కూర్చోబెట్టుకోవచ్చు. అయితే ఒకటి, డబ్బు ముందే మాట్లాడుకోండి. "పాటలే కదా" అని ఉచితంగా మొదలుపెడితే ఎప్పటికీ ఉచితమే. నాకు వచ్చేది ఎక్కువేం కాదు, నెల పాలఖర్చు, మా అమ్మాయి బస్సు పాసు వెళ్ళిపోతాయి. కానీ ఆ డబ్బు చేతిలో పడినప్పుడు నా పాటకి మొదటిసారి ఒక వెల కట్టినట్టనిపించింది.

ఓర్పు లేనివాళ్ళు, జలుబుకి, గోలకి, ఒళ్ళో తడికి విసుక్కునేవాళ్ళు దయచేసి ఈ పనికి రావద్దు. గొంతు గొప్పగా లేకపోయినా పరవాలేదు, శ్రుతి తప్పకపోతే చాలు.

ఇంట్లో అమ్మలు చేయదగినవి

* చిన్న ప్లాస్టిక్ డబ్బాలో గుప్పెడు కందులు, ఇంకోదానిలో బియ్యం పోయండి. మూత బిగించి చుట్టూ టేపు వేయండి. ఊపితే మోతలో తేడా పిల్ల కనిపెడుతుంది. మూత ఊడితే గింజలు ముక్కులో, గొంతులో పడతాయి, జాగ్రత్త.
* శుభ్రంగా గీరిన కొబ్బరిచిప్పలు రెండు చాలు, గుర్రం నడక ఆట వస్తుంది.
* స్టీలు గ్లాసులు మూడు తీసుకుని ఎక్కువ తక్కువలుగా నీళ్ళు పోసి చెంచాతో తట్టండి. నీళ్ళు ఎక్కువున్నదాని మోత కిందికి దిగుతుంది.
* స్నానం చేయించేటప్పుడు ఒక పాట, అన్నం పెట్టేటప్పుడు ఒక పాట, పడుకోబెట్టేటప్పుడు ఒక పాట. రోజూ అవే ఉండాలి. పాట వినగానే తర్వాత ఏమిటో పిల్లకి తెలుస్తుంది, పేచీ తగ్గుతుంది.
* చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, దాగుడుమూతలు మానిపించకండి. మొదటిది తాళం, రెండోది వేగం, మూడోది వినికిడి నేర్పుతాయి.
* సెల్‌ఫోనులో పాట పెట్టి ఊరుకోకండి. ఫోను పిల్ల జోరుకి తగ్గదు, తప్పు పాడితే నవ్వదు. మీ గొంతు బాగోదనుకుంటున్నారా? మీ బిడ్డకి దానికి మించిన గొంతు లేదు.
* వెనకనుంచి మెల్లగా పిలిస్తే పలకకపోయినా, రెండేళ్ళు దాటినా రెండు మాటలు కలిపి అనకపోయినా డాక్టరుకి చూపించండి.

అన్నట్టు, మా ఆడపడుచు సంగతి చెప్పనేలేదు. పండగ మర్నాడు తన మనవరాలిని ఎత్తుకుని నాతోపాటు బడికి వచ్చింది. మూలన కూర్చుని ఇరవై నిమిషాలూ చూసింది. ఇంటికి వస్తుంటే, "వదినా, నువ్వు గా పాట కాడ ఎందుకు ఆగినవు?" అని అడిగింది. పిల్లలు అందుకుంటారేమో చూద్దామని అన్నాను.

"మా దాని పెదవి కదిలింది, చూసినవా?" అంది.

చూశాను. నా పని అదే కదా!